సవరణ: బొటాక్స్ ఆపేస్తే ముడతలు ఎక్కువవుతాయా?

నలభై దాటాక ముఖానికి ఇంజెక్షన్లు అవసరమా అంటూ మొన్న రాసిన పోస్టులో, బొటాక్స్ మొదలుపెట్టి మధ్యలో ఆపితే ముఖం మునుపటికన్నా ఎక్కువ ముడతలు పడుతుందని అన్నాను. అది తప్పు. చర్మవైద్యుల పాఠ్యపుస్తకాలూ మందుతో వచ్చే సమాచారపత్రమూ చెప్పేది వేరు. బొటాక్స్ నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని కొంతకాలం అడ్డుకుంటుంది, దాంతో కండరం సడలి ముడతలు తగ్గుతాయి. సాధారణంగా 3-4 నెలల్లో ఆ ప్రభావం తగ్గి, కనుబొమల మధ్య గీతలు మళ్లీ కనిపిస్తాయి, అంతే. ఇన్నాళ్లూ నున్నటి నుదురుకు అలవాటుపడిన కళ్లకు అవి పెరిగినట్టు అనిపించవచ్చు.

బుగ్గలు ఉబ్బిపోవడాన్ని కూడా బొటాక్స్ ఖాతాలోనే వేశాను. అది ఫిల్లర్ల పని, అంటే చర్మం కింద నింపే ఇంజెక్షన్లది. వాటిలో ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లం. నచ్చకపోతే హయలురోనిడేజ్ అనే ఎంజైముతో కరిగించవచ్చు. బొటాక్స్‌ను అలా కరిగించలేం, దానంతట అది తగ్గేదాకా ఆగాల్సిందే.

బ్యూటీ పార్లర్లలో ఇవి వేయించుకోవద్దన్న మాట మాత్రం మార్చడం లేదు. నేనైతే సన్‌స్క్రీన్‌తోనే సరిపెట్టుకుంటాను. అది నా ఇష్టం, వేయించుకున్నవాళ్లను భయపెట్టే హక్కు కాదు. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ తీసేశాను.