షుగర్ ఉన్న తల్లికి అవకరపు బిడ్డేనా?

“తల్లికి షుగర్ ఉంటే బిడ్డ అవకరంతోనే పుడుతుంది, ఇన్సులిన్ సూది ఇంకా హాని చేస్తుంది, నెల తప్పగానే మందులన్నీ ఆపేసి అన్నం మానేస్తే సరిపోతుంది” అనే సందేశం వాట్సాప్‌లో ఒక కుటుంబ గ్రూపు నుంచి మరొక దానికి పాకుతోంది.

మొదటి మాటలో కొంత నిజం ఉంది కనుకనే మిగిలినవి కూడా చెల్లుబాటవుతున్నాయి. గర్భానికి ముందు నుంచే టైప్ 1 లేదా టైప్ 2 మధుమేహం ఉండి, అది అదుపు తప్పిన స్త్రీల బిడ్డలలో గుండె, మెదడు, వెన్నుపాము లోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. మామూలుగా 100 మంది శిశువులలో ఇద్దరు ముగ్గురికి పెద్ద లోపాలు ఉంటే, గర్భం తొలి వారాలలో తల్లి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 10 శాతం దాటినప్పుడు ఆ సంఖ్య 20 వరకూ, ఒక్కొక్కప్పుడు అంతకు మించీ పోతుంది; 6.5 లోపు ఉంటే మామూలు స్థాయికి దగ్గరగా దిగివస్తుంది. అంటే “అవకరంతోనే” అన్నమాటలోని ఆ “నే” ఎంత చెడ్డ పరిస్థితిలోనూ నిలవదు.

పైగా ఏ షుగరో సందేశం చెప్పలేదు. దీన్ని చదివి కన్నీళ్లు పెట్టుకునేవారిలో చాలామంది ఆరో నెలలో గ్లూకోజు నీళ్లు తాగించి చేసిన పరీక్షలో షుగర్ బయటపడినవారు. అప్పటికి బిడ్డ అవయవాలు రూపుదిద్దుకోవడం ఎప్పుడో ముగిసింది. వారు జాగ్రత్త పడవలసింది బిడ్డ మరీ బరువెక్కడం, పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోవడం వంటి వాటి గురించి. అయితే మొదటి నెలల్లోనే షుగర్ బాగా ఎక్కువగా తేలితే, అది అంతకుముందు ఎవరూ గుర్తించని పాత మధుమేహం కావచ్చు. మన దేశపు మార్గదర్శకాలు 75 గ్రాముల గ్లూకోజు పరీక్షను 24–28 వారాల మధ్యనే కాక, మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే చేయమనడంలో ఉన్న ప్రయోజనాలలో ఇదొకటి.

ఇక ఇన్సులిన్ సంగతి. మాయను (తల్లి నుంచి బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరేది తల్లి రక్తంలోని చక్కెర. ఇన్సులిన్ దాదాపుగా దాటదు. హాని చేసేదాన్ని వదిలి, దాన్ని తగ్గించేదాన్ని నిందించడం ఇది. ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని టైప్ 1 ఉన్న స్త్రీ ఈ సలహా విని సూది మానేస్తే, శరీరం కొవ్వును కరిగించేటప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని బిడ్డకే కాదు, ఆమె ప్రాణానికే ముప్పు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు మార్చవలసి ఉంటుందన్నది నిజమే, కానీ ఆ పని వైద్యులు చేయాలి, అదీ వీలైతే గర్భానికి ముందే. అన్నం కొలతగా తినాలే తప్ప పూర్తిగా మానేయనక్కరలేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట “నెల తప్పగానే” అన్నది. గర్భం నిలిచిన సుమారు 22వ రోజుకే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. వెన్నుపాముకు మూలమైన నాళం 28వ రోజుకల్లా మూసుకుంటుంది. నెల తప్పిందని గమనించి, పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆ రోజులు దాదాపుగా గడిచిపోతాయి. అందుకే ముందునుంచీ మధుమేహం ఉన్న స్త్రీ హెచ్‌బీఏ1సీ 10 దాటి ఉంటే, అది తగ్గేదాకా గర్భాన్ని వాయిదా వేసుకోమని వైద్యులు చెబుతారు. షుగర్ అదుపులోకి వచ్చాక, గర్భానికి ప్రయత్నించే ముందు నుంచి 12వ వారం దాకా, వెన్నుపాము లోపాల ముప్పును తగ్గించే ఫోలిక్ ఆమ్లం మాత్రను, చాలాచోట్ల 5 మిల్లీగ్రాముల మోతాదులో, రాసిస్తారు.