వాదీ షాబ్ మీద ఒక ఫిర్యాదు

ఎడారి దేశం చూడబోయేవాడు ఇసుకను ఆశిస్తాడు, ఒంటెను ఆశిస్తాడు. కాస్త దప్పికను కూడా ఆశిస్తాడు, ఇంటికి వచ్చాక చెప్పుకోవడానికి పనికొస్తుందని. ఏడాది మొత్తానికి వంద మిల్లీమీటర్ల వాన కూడా గగనమయ్యే మస్కట్‌లో బయలుదేరి, సూర్ రహదారి మీద 150 కిలోమీటర్ల దాకా వెళ్ళినవాడికి తీవీ ఊరి దగ్గర వాదీ షాబ్‌లో (వాదీ అంటే ఇక్కడ కోర్టు వాది కాదు, వాన పడితే ఏరు పారే లోయ) నిలువెత్తు సున్నపురాతి గోడల మధ్య నీలాల నీళ్ళు చూపిస్తున్నారు. ఇది ఏ రకం న్యాయమో ఒమన్ ప్రభుత్వమే చెప్పాలి. కొండల మీద ఎప్పుడో పడిన వాన సున్నపురాయిలో ఇంకి ఇక్కడ ఊటగా బయటపడుతుందట. సంజాయిషీ బాగానే ఉంది. ముందుగా చెప్పి ఉంటే తువ్వాలు తెచ్చుకునేవాళ్ళం కదా!

రహదారి వంతెన కింద పడవ ఎక్కాలి. రానూపోనూ ఒక రియాల్, అంటే రెండు వందల రూపాయల పైమాటే. కూర్చుని చొక్కా సర్దుకునేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. గోదావరి రేవులు దాటి పెరిగినవారికి ఇది గుండెకోత.

అక్కడి నుంచి ముప్పావుగంట నడక. మెట్లు లేవు. బండరాళ్ళ మీద పట్టుకోవడానికి కమ్మీలు లేవు. పేర్లు చెక్కుకోవడానికి ఇంత అనువైన రాయి ఉండి కూడా ఆ సౌకర్యం కల్పించాలని ఎవరికీ తోచలేదు. దారి పక్కనే ఫలజ్ అనే పిల్లకాలువ పారుతుంటుంది. ఖర్జూరపు తోటలకూ అరటి తోటలకూ ఆ నీటిని గడియల లెక్కన వంతులు వేసుకుని పంచుకోవడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఒమన్‌లోని అయిదు ఫలజ్‌లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కృష్ణా నీళ్ళ కోసం 1969లో ఒక ట్రిబ్యునల్, 2004లో మరొకటి వేయించుకున్న మనకు ఈ కాలువలో ఏదో లోపం ఉందనే అనిపిస్తుంది. ఒక్క వకీలుకైనా జీవనోపాధి కల్పించని నీటిని నీరు అనగలమా?

ఎండ సంగతి వేరే చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్ చట్టం. అది కూలి తీసుకునేవాడికి మాత్రమే. ఎదురు డబ్బు పెట్టి అదే ఎండలో రాళ్ళెక్కేవాడిని ఆపే అధికారి లేడు. జగిత్యాల నుంచి వచ్చి వారమంతా ఎండలో ఇటుకలు మోసినవాడు శుక్రవారం గదిలో పడి నిద్రపోతాడు. వారమంతా ఏసీలో కూర్చున్నవాడు ఆ రోజే ఎండను వెతుక్కుంటూ కారు తీస్తాడు. ఎండ ఎవరి వంతు వారికి అందుతోందని ఒప్పుకోవాలి.

అసలు అభియోగం ఇక ముందుంది. మడుగులు ఒక్కొక్కటీ ఈదుకుంటూ పోతే చివర రాతిగోడ అడ్డం వస్తుంది. ఆ గోడలో ఒక చీలిక. నీటిపైన తల ఒక్కటే పట్టేంత సందు. మిగతా మనిషి నీళ్ళలో నుంచే రావాలి. అవతల గుహ, పైనుంచి పడే వెలుతురు, జలపాతం. ఇంత దూరం ఈదించి, చూడవలసినదాన్ని తీసుకెళ్ళి ఆ సందు వెనక దాచారు. దీన్ని కట్టినవారెవరో గానీ మన పొట్టను లెక్కలోకి తీసుకోలేదు, హోదాను అంతకన్నా తీసుకోలేదు. మంత్రిగారే వచ్చినా పైకి కనిపించేది తల ఒక్కటే. శాలువా కప్పడానికి భుజాలు ఉండవు. సన్మానం జరగని చోటికి మంత్రులెవరు వస్తారు? మంత్రులు రాని చోటికి రోడ్డు ఎలా వస్తుంది?

ఫోను సంగతి మరీ అన్యాయం. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెడకు వేలాడదీసుకుని లోపలికి తీసుకెళ్ళవచ్చు. ఆవిరి పట్టిన ఆ సంచిలోంచి తీసిన ఫోటోలో జలపాతమూ మామయ్యా ఒకే తీరుగా కనిపిస్తారు. కుటుంబ వాట్సాప్ బృందంలో పెట్టడానికి వీలుకాని ఆనందాన్ని మనిషి ఏం చేసుకోవాలి? 2012లో ఇదే లోయలో క్లిఫ్ డైవింగ్ ప్రపంచ పోటీలు జరిపి, 27 మీటర్ల ఎత్తు నుంచి మనుషులను దూకించారు. వాళ్ళకైతే చుట్టూ కెమెరాలు పెట్టారు.

చివరిగా వరద. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే ఎగువన ఎక్కడో కురిసిన వాన ఈ గోడల మధ్యకు ఒక్కసారిగా దూకుతుంది. పారే వాదీలోకి బండి దింపడం ఒమన్‌లో నేరం కూడా. వాతావరణ హెచ్చరికలు పక్కవాడి కోసమే వెలువడతాయని గట్టిగా నమ్మే జాతి మనది. అందుకే మా డిమాండ్లు చాలా స్వల్పం. చీలికను రెండడుగులు వెడల్పు చేయాలి. శుక్ర, శనివారాల్లో వరద రాకూడదు. తప్పనిసరై వస్తే ఇరవై నాలుగు గంటల ముందు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆ నోటీసు తెలుగులోనూ ఉండాలి. చదువుతామని కాదు, ఉండాలి.