మామయ్య నోట యాంకర్ మాట

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో తెల్లారేది టీవీ అరుపులతోనే. మామయ్యకి ఒకటే ఛానెల్. రిమోట్ ముట్టుకుంటే, 'ఆ అమ్ముడుపోయినోళ్ల వార్తలు మనకెందుకు?' అంటారు. పక్కింటాయనదీ అదే మాట, ఛానెల్ మాత్రం అవతలిది.

2024 సెప్టెంబర్‌లో తిరుమల లడ్డూ నెయ్యిలో కల్తీ జరిగిందన్న గొడవ రేగినప్పుడు చూడాలి! దర్యాప్తు తేలకముందే ఇద్దరూ తీర్పులిచ్చేశారు. అక్టోబర్ 4న సుప్రీంకోర్టు సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అధికారులతో ఐదుగురి సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయమంది. ఆర్డర్ ఒకటే. మా వాళ్లే గెలిచారని ఇద్దరూ అన్నారు!

అబద్ధాలైతే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాయి. చూపించకుండా వదిలేసేదాన్ని ఎలా పట్టుకోవాలి? అవతలి నాయకుడి సభంటే కెమెరాకి ఖాళీ కుర్చీలే దొరుకుతాయి. రాత్రి డిబేట్‌లో యాంకర్ అన్న మాటే పొద్దున టీ అంగడి దగ్గర మామయ్య సొంత అభిప్రాయం, ఆ చెయ్యి ఊపడంతో సహా. కొండ కింద పుట్టి పెరిగిన మనిషి, కొండ మీద ఏం జరిగిందో హైదరాబాద్ స్టూడియో చెప్తేగానీ నమ్మరు.

మా వీధి కాలువ పొంగి కంపు కొడుతోంది. ఏ ఛానెల్లోనూ రాలేదుగా, ఇద్దరికీ పట్టలేదు.