తిమింగలం దంతం ఇస్తే నేరం మాసిపోతుందా?

మహిళలపై హింసకు వ్యతిరేకంగా ప్రపంచమంతా జరుపుకునే నవంబరు 25 వచ్చిందంటే పసిఫిక్ దీవుల రాజధానుల్లో నారింజ రంగు చొక్కాలు బయటికొస్తాయి. ఫిజీలోని సువాలో, సాలమన్ దీవుల్లోని హోనియారాలో, పపువా న్యూగినీలోని పోర్ట్ మోర్స్‌బీలో మంత్రులు, పాస్టర్లు, గ్రామ పెద్దలు, పోలీసు అధికారులు బ్యానర్లు పట్టుకుని నడుస్తారు. మహిళలపై హింసను సమాజమే ఆపాలని మైకుల్లో చెబుతారు. డిసెంబరు 10 దాకా పదహారు రోజులూ ఇదే మాట. తప్పేం లేదు. కానీ ఆ వరసలో నడిచే పెద్దమనుషుల్లో ఎంతమంది మిగతా రోజుల్లో, భార్యను చావగొట్టినవాడి తరఫున క్షమాపణ మోసుకుని ఆమె పుట్టింటి గడప తొక్కడం లేదు? హింసను ఆపాల్సినవారే రాజీ కుదిర్చి కేసును ఆపుతుంటే, ఈ ఊరేగింపులు ఎవరిని మభ్యపెట్టడానికి?

లెక్కలు తెలిసినవే. బాధిత మహిళలకు అండగా నిలిచే ఫిజీ విమెన్స్ క్రైసిస్ సెంటర్ 2013లో ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం, భర్త లేదా సహచరుడి చేతిలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో, లైంగిక హింసో అనుభవించిన మహిళలు 64 శాతం. సాలమన్ దీవుల్లోనూ అంతే. కిరిబాటిలో 68 శాతం, వనువాటులో 60 శాతం. ప్రపంచ సగటుకు ఇది దాదాపు రెట్టింపు. ఫిజీ సర్వేలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం 64 అనే అంకె కాదు. దెబ్బలు తిన్నవారిలో దాదాపు సగం మంది ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఎందుకు చెబుతారు? చెబితే ఏం జరుగుతుందో ఊళ్లో ఆడపిల్లలందరూ చూస్తూ పెరిగినదే కదా.

ఏం జరుగుతుందంటే, ఫిజీలో బులుబులు జరుగుతుంది. నిందితుడి బంధువులు తాబువా పట్టుకుని బాధితురాలి కుటుంబం దగ్గరికి వస్తారు. తాబువా అంటే తాడు కట్టిన తిమింగలం దంతం. ఫిజీ ఆదివాసీ సంప్రదాయంలో అంతకు మించిన కానుక లేదు. దాన్ని అందుకుంటే క్షమించినట్టే. సమోవాలో ఇఫోంగా ఉంది. నేరం చేసినవాడి కుటుంబం తెల్లవారకముందే అవతలి వాళ్ల ఇంటి ముందుకొచ్చి, విలువైన చాపలు కప్పుకుని తలవంచి కూర్చుంటుంది. సాలమన్ దీవుల్లోని మలైటాలో గవ్వల డబ్బు చేతులు మారుతుంది. వనువాటులో చాపలు, పందులు ఇస్తారు. ఒక వంశం మీద మరో వంశం కత్తులు దూయకుండా పూర్వీకులు చేసుకున్న ఏర్పాట్లివి. రెండు కుటుంబాల మధ్య పగలు చల్లార్చడానికి పనికొచ్చి ఉంటాయి, కాదనం. అయితే ఇక్కడ తగాదా రెండు కుటుంబాల మధ్య కాదు. ఒక మగవాడు ఒక ఆడమనిషి ఎముకలు విరగ్గొట్టాడు. తాబువా అందుకునేది ఆమె తండ్రో, పెదనాన్నో, ఊరి పెద్దో. ఆమె కాదు. తన ఒంటి మీది గాయానికి క్షమాభిక్ష పెట్టే హక్కు కూడా ఆమెకు లేకుండా పోయింది. దాన్ని రాజీ అంటున్నారు.

ఈ రాజీ ఊరి చావడిలోనే ఆగిపోతే కొంత నయం. కోర్టు మెట్లు కూడా ఎక్కింది. ఫిజీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో రాజీని ప్రోత్సహించే సెక్షన్ ఒకటి ఉండేది. చిన్నాచితకా తగాదాల కోసం పెట్టిన ఆ వీలును మేజిస్ట్రేట్లు భార్యలను కొట్టిన కేసులకూ ఉదారంగా వాడారు. అత్యాచారం కేసుల్లో సైతం బులుబులు జరిగిందని చెప్పి శిక్ష తగ్గించమని అడగడం మామూలైపోయింది. ఒకసారి ఫిర్యాదు నమోదయ్యాక, ఆమే వచ్చి వద్దన్నా సరే, కేసు వదలకూడదని ఫిజీ పోలీసులు 1995లోనే విధానం పెట్టుకున్నారు. కాగితం మీద అది బంగారం. స్టేషన్లో మాత్రం 'ఇంటికెళ్లి సర్దుకోమ్మా' అనే సలహాకే ఇప్పటికీ విలువెక్కువ. ఏడు పసిఫిక్ దేశాల్లో గృహహింస, లైంగిక దాడి కేసులకు సంబంధించిన 900కు పైగా తీర్పులను ఒక అంతర్జాతీయ న్యాయ సంస్థ పరిశీలించింది. నాలుగింట మూడొంతుల కేసుల్లో ఆడదాని మీద ఉన్న పాత అభిప్రాయాలో, ఆచారం ప్రకారం జరిగిన క్షమాపణో, అలాంటి మరో సాకో నిందితుడికి అండగా వచ్చాయి. సగానికి పైగా కేసుల్లో వాటి వల్ల శిక్ష తగ్గింది. జడ్జి రాసేది ఒక తీర్పే కావచ్చు. కానీ ఒకడికి తగ్గిన శిక్షను వంద ఊళ్లు వింటాయి. రేపు కొట్టబోయేవాడు కర్ర కంటే ముందు తాబువాను సిద్ధం చేసుకుంటాడు.

ఇలాంటి ఆనవాయితీ ఎందాకా పోతుందో పపువా న్యూగినీ చూపించింది. అక్కడి పశ్చిమ పర్వత ప్రాంతంలో, 1990లలో, ఒక మనిషి చావుకు పరిహారంగా ఒక తెగ రెండో తెగను డబ్బు, పందులు అడిగింది. వాటితో పాటు పెళ్లికి ఒక అమ్మాయినీ అడిగింది. ఆచారమే కదా అన్నారు. చివరికి 1997లో జాతీయ న్యాయస్థానం ఇది రాజ్యాంగ విరుద్ధమని తేల్చి, ఆ అమ్మాయిని ఆ జాబితాలోంచి తప్పించింది. ఒక కోర్టు నిటారుగా నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఆ తీర్పు చాలు. అలా నిలబడిన కోర్టులు ఎన్ని?

రాజీని సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటుంది. దీవులు సముద్రంలో చెల్లాచెదురుగా ఉంటాయి, పోలీసు రావాలంటే పడవలో గంటలు పడుతుంది, మొగుణ్ని జైల్లో వేస్తే ఇల్లు గడవదు, ఊరు రెండుగా చీలుతుంది, కాబట్టి ఆచారమే అందుబాటులో ఉన్న న్యాయం అంటారు. దూరం నిజమే. అయితే దూరానికి విరుగుడు రాజీయే అని ఎవరు చెప్పారు? వనువాటు 2008లో ఫ్యామిలీ ప్రొటెక్షన్ చట్టం చేసింది. చర్చిల అభ్యంతరాలు దాటుకుని, ఏళ్ల తరబడి నానిన తర్వాత గాని అది వెలుగు చూడలేదు. కోర్టు లేని ఊళ్లో కూడా తాత్కాలిక రక్షణ ఉత్తర్వు ఇవ్వగల అధీకృత వ్యక్తులను నియమించే వీలు అందులో ఉంది. అంటే ఊళ్లోనే, ఊరి మనిషి చేతుల మీదుగానే చట్టం నడవగలదు. పెద్దల దగ్గర లేనిది దారి కాదు, మనసు.

సమాజం కదిలితే ఎలా ఉంటుందో చూడాలంటే పెద్దల వేదికల వైపు చూడనక్కర్లేదు. సువాలో 1984లో కొందరు మహిళలు స్వచ్ఛందంగా మొదలుపెట్టిన క్రైసిస్ సెంటర్ ఇవాళ ప్రాంతమంతటికీ శిక్షణ ఇస్తోంది. దశాబ్దాలుగా దాన్ని నడిపిస్తున్న షమీమా అలీ ఏ ప్రభుత్వం వచ్చినా మాట మెత్తబరచలేదు. 1992లో ఏర్పడిన పసిఫిక్ మహిళా సంస్థల నెట్‌వర్క్‌కు ఆ సెంటరే కేంద్రం. వనువాటు విమెన్స్ సెంటర్ దూరపు దీవుల్లో కమిటీలు పెట్టింది. వాటిలో పనిచేసేది జీతం లేని మామూలు ఆడవాళ్లు. అర్ధరాత్రి తలుపు తడితే తీసేది వాళ్లే. హోనియారా దగ్గర ఆంగ్లికన్ సన్యాసినులు నడిపే క్రిస్టియన్ కేర్ సెంటర్ ఆశ్రయం ఇస్తోంది. దేవుడి పేరు చెప్పి సర్దుకోమనే పాస్టర్లు, అదే దేవుడి పేరుతో తలుపు తీసిన ఆ సన్యాసినులను ఒకసారి చూసి రావాలి. పపువా న్యూగినీలోని బోగన్‌విల్ దీవిలో అంతర్యుద్ధం ఆగడానికి తల్లులు అడవుల్లోకి వెళ్లి బిడ్డల చేతుల్లోంచి తుపాకులు దించారు. ఆ మహిళలే తర్వాత ఇళ్లలోని హింస మీద పని మొదలుపెట్టారు. వాళ్లలోంచి పుట్టిన లైటానా నెహాన్ సంస్థకు ఐరాస శాంతి పురస్కారం దక్కింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఫిజీ, వనువాటు కేంద్రాలు మగవాళ్లకూ శిక్షణ ఇస్తాయి. పోలీసులు, గ్రామ పెద్దలు, పాస్టర్లు వస్తారు. అయితే వాళ్లు మహిళల కేంద్రానికి జవాబుదారీగా ఉండాలి, ముందు తమ ఇంటిని సరిచేసుకోవాలి, ఆమె తరఫున తాము రాజీ మాట్లాడకూడదు. ఊరేగింపులో నడిచే పెద్దలకు మింగుడుపడనిది సరిగ్గా ఇదే. బ్యానర్ పట్టుకోవడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. ఒక ఆడమనిషికి జవాబు చెప్పుకోవాలంటేనే టెన్షన్.

చట్టసభల సంగతి చెప్పనే అక్కర్లేదు. పపువా న్యూగినీలో 2017 ఎన్నికల్లో ఒక్క మహిళ కూడా గెలవలేదు. 2022లో 118 మందిలో ఇద్దరు. టోంగాలో మహిళల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదిస్తామని ప్రభుత్వం 2015లో ముందుకొస్తే, చర్చిలు వీధుల్లోకి వచ్చాయి, వ్యవహారం మూలనపడింది. పసిఫిక్ దేశాల కూటమి అయిన పసిఫిక్ ఐలాండ్స్ ఫోరం నాయకులు మాత్రం 2012లో స్త్రీ పురుష సమానత్వంపై డిక్లరేషన్ చేశారు, 2023లో దాన్ని మళ్లీ సరికొత్తగా చేశారు. డిక్లరేషన్లకు డబ్బు ఖర్చు కాదు మరి. ఆశ్రయాలకు అవుతుంది. ఆ డబ్బులో పెద్ద వాటా ఆస్ట్రేలియా, ఐరోపా వంటి దాతలదే. 2025లో అమెరికా విదేశీ సాయాన్ని ఎలా కోసేసిందో చూశాక కూడా, తమ ఆడపిల్లల ప్రాణాలకు సొంత బడ్జెట్‌లోంచి డబ్బు తీయడానికి చేతులు రాని ప్రభుత్వాలు సంస్కృతి గురించి మాట్లాడటం వింత.

మనకు దూరపు ముచ్చట కదా అనుకునే తెలుగు పాఠకులకు ఒక మాట. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో మన కోస్తా జిల్లాల వాళ్లూ ఉన్నారు. వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లన్నది అప్పటి నిబంధన. కూలీలు ఉండే లైన్ ఇళ్లలో ఆడవాళ్ల హత్యలు జరిగితే, 'ఆడవాళ్లు తక్కువ, అందుకే అసూయలు' అని తెల్లదొరలు చేతులు దులుపుకున్నారు. 1913లో కుంతి అనే కూలీ ఓవర్సీయర్ నుంచి తప్పించుకోవడానికి నదిలో దూకింది. ఆమె వాంగ్మూలం భారత పత్రికల్లో వచ్చి దేశం అట్టుడికితే, ఫిజీ అధికారులు విచారణ జరిపి ఆమె మాట నమ్మదగింది కాదన్నారు. దొరలు పోయారు. ఆమె మాట నమ్మని అలవాటు ఫిజీలోని అన్ని జాతుల ఇళ్లలోనూ మిగిలింది. తాబువా లేని ఇండో-ఫిజియన్ (భారత సంతతి) ఇంట్లో దాని పని పరువు చేస్తుంది.

మన ఇంట్లో మాత్రం? భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక సమంజసమైన కారణం ఉంటుందని చెప్పిన మహిళలు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. పెద్దమనుషుల పంచాయితీలో అత్యాచారానికి రేటు కట్టిన వార్తలు మన జిల్లా పేజీలు ఎన్ని మోయలేదు? కాబట్టి ఇఫోంగా చాపలను చూసి ఆటవికం అని ముక్కు విరిచే అర్హత మనకు లేదు. మన రాజీ తెల్లకాగితం మీద వేలిముద్రలతో ఉంటుంది, అంతే తేడా.

పసిఫిక్ ప్రభుత్వాలు చేయాల్సిందేమిటో అక్కడి మహిళా సంస్థలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. ఆచారం ప్రకారం జరిగిన క్షమాపణను లైంగిక దాడి, గృహహింస కేసుల్లో శిక్ష తగ్గించడానికి కారణంగా చూపకూడదని అన్ని దేశాలూ చట్టంలో రాసుకోవాలి, అలా చూపిన తీర్పులను పైకోర్టులు కొట్టేయాలి. కేసు వదిలేసిన స్టేషన్ అధికారి మీద చర్య ఉండాలి. ఆశ్రయాలకు ఏటా బడ్జెట్‌లో పద్దు ఉండాలి. ఇందులో కొత్తదీ లేదు, కష్టమైనదీ లేదు.

గ్రామ పెద్దలకూ పాస్టర్లకూ మేం చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. ఈసారి ఎవడైనా తాబువా పట్టుకుని మీ గుమ్మంలోకి వస్తే దాన్ని అందుకోకండి. వాణ్ని ముందు పోలీసు స్టేషన్‌కు నడిపించండి. క్షమాపణ చెప్పుకోవాలని అంత ఆరాటంగా ఉంటే, శిక్ష పడ్డాక, ఆమె వింటానంటేనే చెప్పుకుంటాడు. అది చేయలేనివాళ్లు నారింజ రంగు చొక్కా తొడుక్కుని ఆ ఆడవాళ్ల పక్కన నడవడం మానేయాలి.