గ్రహాలు ఆరు వేలు, వెంచర్ ఒక్కటీ లేదు

2025 సెప్టెంబరులో నాసా ఒక లెక్క చెప్పింది. మన సూర్యుడి చుట్టూ కాకుండా వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్లో, ఉన్నాయని రుజువైనవి ఆరు వేలకు చేరాయట. సూర్యుడి లాంటి నక్షత్రం దగ్గర మొదటి గ్రహం దొరికింది 1995లో. అప్పటి నుంచి ఇన్ని గ్రహాలు దొరికితే, ఒక్కదాని మీద కూడా హద్దు రాళ్లు పాతలేదు. ఒక్క బ్రోచర్ లేదు, ఒక్క లక్కీ డ్రా లేదు. ఖగోళ శాస్త్రజ్ఞులకు వ్యాపారం రాదని నాకు ఎప్పటి నుంచో అనుమానం. ఇప్పుడు అంకెలతో సహా తేలిపోయింది.

ఇదే ముప్పై ఏళ్లలో హన్మకొండ ఏం సాధించిందో చూడండి. మడికొండ వైపు పోతే వెంచర్, ధర్మసాగర్ వైపు పోతే వెంచర్. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయానికి మళ్లీ అనుమతి వచ్చిందన్న వార్త చల్లారకముందే ‘ఎయిర్‌పోర్ట్ ఫేసింగ్’ ప్లాట్లు పుట్టుకొచ్చాయి. టెలిస్కోపుకు గతం మాత్రమే కనిపిస్తుంది, ఎప్పుడో బయల్దేరిన వెలుగును ఇవాళ పట్టుకుంటుంది. మా బ్రోకర్లకు ఇంకా పడని రోడ్డు కూడా కనిపిస్తుంది, అదీ వంద అడుగుల వెడల్పుతో. రెండింటిలో ఏది గొప్ప పరికరమో వేరే చెప్పాలా?

కే2-18బి అనే గ్రహం సంగతే తీసుకోండి. సింహరాశి దిక్కున, 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. విస్తీర్ణం భూమికి ఆరేడు రెట్లు. అక్కడ ఏడాదంటే 33 రోజులే కాబట్టి ‘పదేళ్లలో రేటు డబుల్’ అన్న హామీ మన క్యాలెండర్‌లో ఏడాది తిరక్కముందే తీరిపోవాలి. ఆ గ్రహం తన నక్షత్రం ముందు నుంచి పోయేటప్పుడు దాని గాలిలోంచి వడకట్టుకుని వచ్చే వెలుగును జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పట్టుకుంటుంది. అందులో ఏ రంగు తగ్గిందో చూసి అక్కడ ఏ వాయువు ఉందో చెబుతారు. 2023లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయన్నారు. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి ప్రొఫెసర్ నిక్కు మధుసూదన్ బృందం అంతకన్నా పెద్ద మాట చెప్పింది: డైమిథైల్ సల్ఫైడో, దాని దగ్గరి బంధువో ఉన్న ఆనవాలు కనిపించింది. భూమ్మీద ఆ వాయువు ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది.

ఇంత మాట మనవాళ్లకు దొరికితే సాయంత్రానికల్లా బ్యాండు మేళంతో బుకింగ్ మొదలయ్యేది. ఆ బృందం ఏం చేసింది? తమ ఫలితం ‘మూడు సిగ్మా’ దగ్గరే ఉందని తామే రాసి పెట్టుకుంది. అంటే ఇలాంటి ఆనవాలు ఉత్త కాకతాళీయంగా కనిపించే అవకాశం 0.3 శాతం. కనుక్కున్నామని గట్టిగా అనాలంటే ఐదు సిగ్మా కావాలట, ఇంకో 16 నుంచి 24 గంటలు చూస్తే అక్కడికి చేరొచ్చట.

ఈ ముక్క మా కాలనీలో ప్లాట్లు చూపించే అన్నకు చెబితే చాయ్ గ్లాసు పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు. ‘నూటికి తొంభై తొమ్మిదిన్నర క్లియర్ ఉంటే ఇంక ఆగుడేందన్నా? నేను అమ్మినయి సగం రిజిస్ట్రీ లేకుంట తెల్ల కాయితం మీద రాసిన సాదా బైనామాలే. ముందుగాల బయానా తీస్కోవాలె గదా!’

వాళ్లు బయానా తీసుకోకపోగా డేటాను కూడా బయటపెట్టేశారు. వేరే బృందాలు దాన్నే మళ్లీ లెక్కగట్టి, ఆ ఆనవాలు అంత గట్టిదేమీ కాదని పేపర్లు రాశాయి. ఆస్తి మీద ఇదివరకు జరిగిన లావాదేవీల చిట్టా, అదే ఈసీ, కాపీ అడిగితే ‘ఆఫీసులో ఉంది, రేపు ఇస్తా’ అనాలన్న కనీస లౌక్యం కూడా లేని మనుషులు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆ గ్రహాన్ని నిండా సముద్రం కప్పేసి ఉండొచ్చని మధుసూదన్ బృందం అంచనా. మన లెక్కలో చెప్పాలంటే గ్రహం గ్రహమంతా ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో ఉంది. బయటి ఊళ్లవాళ్లు దీన్ని లోపం అనుకుంటారేమో. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల కింద కాలనీలు కట్టి, 2020 ఆగస్టులో ఒకసారి, 2023 జులైలో మరోసారి ఇళ్లల్లోకి వరద వస్తే మేడ మీదికెక్కి చూసి, నీళ్లు తీయగానే అక్కడే ఇంకో అంతస్తు లేపిన ఊరు మాది. ‘లేక్ వ్యూ’ అని రాస్తే సరిపోతుంది. మరికొందరు శాస్త్రజ్ఞులేమో అక్కడ ఉన్నది నీళ్లు కాదు, కరిగిన రాయి కావచ్చంటున్నారు. ఇంకొందరు అసలు నిలబడటానికి నేలే ఉండకపోవచ్చంటున్నారు. అదీ పర్వాలేదు. నేల లేకుండా ప్లాటు అమ్మడం మాకేం కొత్త కాదు.

ట్రాపిస్ట్-1 మాత్రం అసలుసిసలు గేటెడ్ కమ్యూనిటీ. 40 కాంతి సంవత్సరాల దూరంలో ఒక చిన్న ఎర్ర నక్షత్రం, దాని చుట్టూ ఏడు రాతి గ్రహాలు. ఏడూ కలిసి మన బుధుడి కక్ష్య లోపలే సర్దుకుంటాయి. అంత ఇరుకు లేఔట్‌కు పర్మిషన్ ఎవరిచ్చారో అడగకండి. 2023లో వెబ్ టెలిస్కోప్ సైట్ విజిట్‌లాంటిది చేసింది. అన్నిటికన్నా లోపలి గ్రహం మీద పగటి వైపు సుమారు 230 డిగ్రీలు, చెప్పుకోదగ్గ గాలి ఉన్న జాడ లేదు. మే నెల రామగుండంలో గడిపినవాళ్లు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. దాని పక్క గ్రహం మీదా దట్టమైన గాలి లేదు. ‘గాలి, వెలుతురు పుష్కలం’ అన్న లైనులో ఒక మాట కొట్టేయక తప్పదు.

వాస్తు సమస్య ఇంకా ఘోరం. నక్షత్రానికి అంత దగ్గరగా తిరిగే గ్రహాలు ఎప్పుడూ ఒకే ముఖం అటు తిప్పి ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే సూర్యోదయం ఉండదు. సూర్యుడు పొడిచే దిక్కే లేకపోతే ఈస్ట్ ఫేసింగ్‌కు గజానికి ఎక్స్‌ట్రా ఎలా అడగాలి? ఈశాన్యంలో బోరు ఎక్కడ వేయాలి? ఇంత ముఖ్యమైన విషయం మీద నాసా ఇప్పటిదాకా ఒక్క ప్రకటన ఇవ్వలేదు.

దూరం ఎక్కువనుకునేవాళ్లకు ఆల్ఫా సెంటారీ నక్షత్రం ఉంది, నాలుగు కాంతి సంవత్సరాలే. 2024 ఆగస్టులో అక్కడ శని అంత గ్రహం ఒకటి వెబ్ కంటికి మసకగా తగిలింది. 2025లో ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి మళ్లీ చూస్తే లేదు. నక్షత్రానికి మరీ దగ్గరగా జరిగి ఆ వెలుగులో కలిసిపోయి ఉండొచ్చట. రిజిస్ట్రేషన్ అయ్యాక పోయి చూస్తే హద్దు రాళ్లు కనిపించని మా మిత్రులకు ఈ వివరణ పనికొస్తుంది, రాసి పెట్టుకోండి.

పేచీ లేని ఆస్తి ఏదైనా ఉందా అంటే మన పాలపుంతకే గ్యారంటీ లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ వచ్చి 450 కోట్ల ఏళ్లలో గుద్దుకోవడం ఖాయమని ఇన్నాళ్లూ చెప్పారు. 2025లో హెల్సింకి విశ్వవిద్యాలయం ముందుండి చేసిన అధ్యయనం, పక్కన ఉన్న చిన్న గెలాక్సీల లాగుడు కూడా కలిపి లెక్కేసి, వచ్చే వెయ్యి కోట్ల ఏళ్లలో గుద్దుకునే అవకాశం సగానికి సగం అంది. మాస్టర్ ప్లాన్ మారిపోయింది, పాత ప్లాన్ చూసి కొన్నవాళ్లను అడిగే దిక్కు లేదు.

డాక్యుమెంట్ల విషయంలో మాత్రం వాళ్లను మెచ్చుకోవాలి. బిగ్ బ్యాంగ్ జరిగిన 28 కోట్ల ఏళ్లకే వెలుగుతున్న ఎంఓఎం-జెడ్14 అనే గెలాక్సీని 2025లో చూపించారు. పదమూడు వందల కోట్ల ఏళ్లకు పైబడిన లింకు డాక్యుమెంటు అది. నా ప్లాటుకు 1998 కంటే వెనక్కి కాగితం లేదు.

ఇంత సరుకు పెట్టుకుని కూడా వాళ్లు టైమ్ కోసమే కొట్టుకుంటున్నారు. 2024లో వెబ్ టెలిస్కోప్ కోసం వచ్చిన అర్జీలు ఉన్న గంటలకు తొమ్మిది రెట్లు. ఆ 16 గంటలు మధుసూదన్ గారికి ఎప్పుడు దొరుకుతాయో, దొరికాక ఐదు సిగ్మా వస్తుందో రాదో. అందుకే మా కాలనీ అన్న ఒక ఆఫర్ పెట్టాడు: తక్కువ పడిన రెండు సిగ్మాలు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ముద్ర వేయించి ఆయన ఇస్తాడు. కమీషన్ రెండు శాతం, అదీ రెండు వైపులా.