కాటాకు రాయి పెట్టి చూసినట్టే

భీమవరం చుట్టుపక్కల చెరువు గట్టున రొయ్యల పట్టుబడి రోజు జాగ్రత్త తెలిసిన రైతు చూపు ముందు కాటా మీదే ఉంటుంది. ఏ కంపెనీదైనా సరే, బరువు తెలిసిన 20 కిలోల రాయి ఒకటి పెట్టి చూశాకే ట్రేలు ఎక్కించనిస్తాడు. సెల్‌ఫోన్లు, హార్డ్‌డిస్కులు సాక్ష్యాలుగా కోర్టు మెట్లెక్కుతున్న ఈ రోజుల్లో పోలీసులకూ, న్యాయవాదులకూ కావలసింది ఆ జాగ్రత్తే.

ఫోన్ల నుంచీ డిస్కుల నుంచీ సాక్ష్యాలు వెలికితీసే ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్‌ను లక్షలు పోసి కొంటే, అది చెప్పిందంటే తిరుగులేదనీ, నిపుణుడు సొంతంగా రాసుకున్న ప్రోగ్రామంటే కోర్టులో నిలవదనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. చట్టంలో అలాంటి మాట ఎక్కడా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అడిగేది సర్టిఫికెట్. అందులో ఎ భాగం సాక్ష్యం దాఖలు చేసేవారిది, బి భాగం నిపుణుడిది. రెండింటిలోనూ హాష్ విలువ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య), దాన్ని ఏ పద్ధతిలో తీశారో రాయాలి. పాత సాక్ష్య చట్టంలో ఇలాంటిదే అయిన 65బి సర్టిఫికెట్ తప్పనిసరి అని, అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టినప్పుడు మాత్రం అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో ఖోత్కర్ కేసులో తేల్చింది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. కాపీ తీసిన తర్వాత అందులో ఒక్క బిట్ కూడా మారలేదని మాత్రమే హాష్ చెబుతుంది. ఆ కాపీని సాఫ్ట్‌వేర్ సరిగ్గా చదివిందని చెప్పదు.

సొంత ప్రోగ్రాములు ఎక్కడ బోల్తా పడతాయో ఈ పనిలో ఉన్నవారికి తెలిసిందే. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ సందేశాలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటాయి. కొత్త మార్పులు ముందుగా చేరే వాల్ ఫైలు దాని పక్కనే ఉంటుంది. దాన్ని వదిలేసి డేటాబేస్ ఒక్కటే కాపీ చేస్తే చివరి సందేశాలు రాకపోవచ్చు. రెండింటినీ కాపీ చేసి మామూలుగా తెరిస్తే, మూసేటప్పుడు వాల్ ఫైలు డేటాబేస్‌లో కలిసిపోయి, అందులో మిగిలిన పాత జాడలు పోతాయి. పని ఎప్పుడూ నకలు మీదే చేయాలి. ఇక టైము సంగతి. లోపల ఉండేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్క. 5 గంటల 30 నిమిషాలు కలపడం మరిస్తే, 15వ తేదీ అర్ధరాత్రి దాటాక 12.30కు వెళ్లిన సందేశం 14వ తేదీ రాత్రి 7 గంటలదవుతుంది. నిందితుడు ఆ వేళ ఎక్కడున్నాడన్న వాదన మొత్తం తలకిందులవుతుంది.

డిస్కు కాపీలోనూ అంతే. డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ కమాండుతో, చెడిన సెక్టారును (డిస్కులోని చిన్న గడిని) దాటేస్తే దాని వెనకున్న డేటా అంతా ముందుకు జరిగిపోతుంది. ఆ కమాండులో సింక్ అనే ఎంపిక పెట్టి, ఆ చోటును సున్నాలతో నింపితే స్థానాలు నిలుస్తాయి. కానీ ఒక్కోసారి చదివే ముక్క (బ్లాకు) 4 ఎంబీ పెట్టుకుంటే 512 బైట్ల సెక్టారు ఒకటి చెడినందుకు చుట్టూ ఉన్న మంచి డేటా కూడా సున్నాలు కావచ్చు. డిస్కు మీద ఏదీ రాయనివ్వని రైట్ బ్లాకర్ పరికరం లేకుండా విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే అసలు డిస్కే మారిపోతుంది. ఎస్ఎస్‌డీ అయితే కరెంటు తగలగానే చెరిపేసిన భాగాలను తనంతట తానే తుడిచేసుకోగలదు.

మరి డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ గొప్పదా? 2011లో అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన హత్య విచారణలో, క్లోరోఫాం గురించిన ఒక వెబ్ పేజీని 84 సార్లు చూసినట్టు ఒక సాఫ్ట్‌వేర్ చూపింది. వేరే సాఫ్ట్‌వేర్ లెక్కలో అది ఒక్కసారే. బ్రౌజర్ చరిత్ర ఫైలును తప్పుగా విడదీయడమే కారణం. 2021లో, ఫోన్ల నుంచి డేటా తీసే సెలెబ్రైట్ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయనీ, ఫోన్లో ప్రత్యేకంగా తయారుచేసి పెట్టిన ఫైలుతో దాని నివేదికలనే మార్చవచ్చనీ సిగ్నల్ మెసేజింగ్ యాప్ సంస్థ బయటపెట్టింది. పైగా లైసెన్సు గడువు తీరితే, కేసు విచారణకు వచ్చేనాటికి ఆ ఫైలు తెరవడమే కష్టం కావచ్చు. అందుకే కాపీని కంపెనీ సొంత రూపంలో కాక, చాలా సాధనాలు చదవగలిగే రా (ఉన్నదున్నట్టు) లేదా ఈ01 రూపంలో దాచాలి.

తాళం పడిన ఫోన్ తెరవడం లాంటి పనికి కొన్న పరికరం తప్పదని మేము ఒప్పుకుంటాం. డేటా చదవడం, వెతకడం వంటి వాటికి ఆటాప్సీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరూ, సొంత ప్రోగ్రామూ పనికొస్తాయి. సొంత ప్రోగ్రాముకు ఒక బలం కూడా ఉంది. కోడ్ మొత్తం కోర్టు ముందు పెట్టవచ్చు, ఎదుటి పక్షం నిపుణుడు దాన్ని నడిపి చూసుకోవచ్చు. అయితే కేసును తేల్చే సందేశం ఏదైనా రెండో సాధనంతో సరిపోలాలి. సరిపోలకపోతే ఆ తేడా కూడా నివేదికలో రాయాలి.

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు పోలీసు యంత్రాంగాన్ని మేము అడిగేది ఖరీదైనది కాదు. ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను ముందు సున్నాలతో తుడిచి, 100 ఫైళ్లు ఎక్కించి, హాష్‌లు రాసుకుని, 20 చెరిపేయండి. రెండు పాత ఫోన్ల మధ్య టైము రాసుకుంటూ సందేశాలు పంపి, కొన్ని తీసేయండి. వాడే ప్రతి సాధనాన్నీ, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ, వీటిమీద నడపండి. ఏది దొరికింది, ఏది దొరకలేదు, వెర్షన్ ఏది అన్నది రాసి బి భాగానికి జతచేయండి. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర ఫోన్లు గుట్టలుగా స్టేషన్లకు చేరకముందే ఈ పని పూర్తవ్వాలి.