తాతయ్యకు రెండు విస్తళ్ళు

మా తమ్ముడికి మేనత్త కూతుర్నే చేశాం. మేనరికంలో మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు అని గీత గీయడం కష్టం. మా తాతయ్య పెళ్ళికొడుక్కి నాన్న తండ్రి, పెళ్ళికూతురికి అమ్మ తండ్రి. ఇలా రెండువైపులా చుట్టరికం ఉన్నవాళ్ళు 43 మంది తేలారు.

రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతూ భోజనాల లెక్క కాగితం మీద వేస్తానా? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వేశాను. 'చుట్టం' అని ఒక క్లాస్, అంటే ఒక అచ్చు. ఆ అచ్చులోంచి ఒక్కో చుట్టానికి ఒక ఆబ్జెక్ట్. అది పుట్టగానే నడిచే ఇనిట్ అనే కోడ్ విస్తళ్ళకు ఒకటి కలుపుతుంది. 'చుట్టం' కింద వారసులుగా 'మగవైపు', 'ఆడవైపు' క్లాసులు. ఆ రెంటికీ కలిపి పుట్టింది 'ఇరువైపు'. జావా అనే ఇంకో భాష అయితే ఒక క్లాస్‌కు రెండు పేరెంట్ క్లాసులంటే గడప తొక్కనివ్వదు. పైథాన్‌కి ఆ పట్టింపు లేదు.

మర్యాద తప్పకూడదని 'ఇరువైపు'లో ఇద్దరి ఇనిట్‌నీ పేరు పెట్టి పిలిచాను. ఇద్దరూ వెళ్ళి విడివిడిగా 'చుట్టం' తలుపు తట్టారు. ఒక్కో మనిషికి రెండు విస్తళ్ళు పడ్డాయి. దీన్నే డైమండ్ ప్రాబ్లమ్ అంటారు. ఇంటర్వ్యూలో బొమ్మ గీసి మరీ చెప్పి ఉద్యోగం కొట్టినవాణ్ణి!

ఎంవీపీ కాలనీ మండపంలో 43 మందికి సరిపడా పులిహోర, బూరెలు, దప్పళం మిగిలిపోయాయి. వంటాయన గరిటె పట్టుకుని నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మర్నాడు వ్రతం భోజనాలకైనా పరువు దక్కించుకుందామని రాత్రే లాప్‌టాప్ తీశాను. పేరు పెట్టి పిలవడం మానేసి, అన్నిచోట్లా సూపర్ అనే పిలుపు పెట్టాను. పేరెంట్‌ని పిలుస్తుందనుకుంటాం గానీ, సూపర్ పిలిచేది వరసలో తర్వాత ఉన్నవాణ్ణి. అందుకే 'చుట్టం' ఒక్కసారే పలుకుతుంది. ఆ వరసనే పైథాన్‌లో ఎంఆర్ఓ (మెథడ్ రిజల్యూషన్ ఆర్డర్) అంటారు.

"ఎంఆర్ఓ చూస్తే తెలిసిపోతుంది" అని గొణుక్కుంటుంటే నాన్న లేచి కూర్చున్నారు. "వ్రతానికి ఎమ్మార్వో ఎందుకురా? భూమి తగాదా ఏమైనా వచ్చిందా?"

ఈలోగా అత్తయ్య స్క్రీన్ చూసింది. "మగవైపు ముందు, మేం వెనకానా?" అంది. పేరెంట్ క్లాసులు రాసే బ్రాకెట్లో ఎడమవైపున్నదే ముందంటే వింటుందా? ఆవిడ కోసం 'ఆడవైపు, మగవైపు' వరసలో ఇంకో క్లాస్ రాశాను. తాతయ్య ఎవరికీ లోకువ కాకూడదని ఆయనకు రెండు క్లాసుల నుంచీ వారసత్వం ఇచ్చాను. టైప్ ఎర్రర్! వరసలో పొంతన కుదరదంది పైథాన్. 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచీ దాని పద్ధతి అంతే, పెద్దమనుషుల్ని పెట్టి మాట్లాడినా వినదు.

చివరికి అమ్మ పాత క్యాలెండర్ వెనక వేళ్ళు మడిచి లెక్కేసింది. సరిపోయింది.

వ్రతం పంక్తిలో తాతయ్య నన్ను దగ్గరికి పిలిచారు. "నిన్న నా పేరున రెండు విస్తళ్ళు రాశావటగా. ఆ రెండో దాంట్లో బూరెలు ఎవరు తిన్నార్రా?"